సంపు పంపు: గుణదోష విమర్శ

తెలుగునాట ఇల్లు కట్టువారి నోట రెండు ఇంగ్లీషు మాటలు తలక్రిందులైనవి. మొదటిది సంపు. ఇక్కడ సంపు అనగా కుళాయి నీటిని నిలువ చేసికొనుటకు ఇంటి ముంగిట నేలలో కట్టిన తొట్టి. అమెరికాలో సంపు అనగా ఇంటి క్రిందికి ఊరివచ్చు అక్కరలేని నీరు చేరుటకై త్రవ్విన గుంట. రెండవది బేస్‌మెంటు. తాపీమేస్త్రి "బేస్‌మెంటు మూడడుగులు లేపవలెను" అనినచో, ఇంటి మట్టము వీధికంటె మూడడుగులు ఎత్తున నుండవలెనని అర్థము. అమెరికాలో బేస్‌మెంటు అనగా నేలకు దిగువన ఉన్న గది. ఒకచోట దాచుకొను నీరు, మరియొకచోట వదలించుకొను నీరు. ఒకచోట ఎత్తు, మరియొకచోట లోతు.

ఈ తారుమారులో ఒక శాస్త్ర విషయము దాగియున్నది. తెలుగు మేస్త్రి నీటికి అందనంత ఎత్తున ఇంటిని నిలిపెను. ఇంటి ముందు అరుగు, అరుగునకు మెట్లు, చూరునుండి జారిన నీరు వీధిలోనికి పోవు వాలు: ఇవియే అతని రక్షణ సాధనములు. నేలలోనికి దిగిన పల్లెటూరి కట్టడము ఒక్క ధాన్యపు పాతర మాత్రమే. దానినైనను నీరు నిలువని మెరక చూచియే త్రవ్వెడివారు.

నేడు పరిస్థితి మారినది. హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలో అపార్టుమెంట్ల క్రింద వాహనములు నిలుపుటకు సెల్లార్లు త్రవ్వుచున్నారు. పట్టణములలోని పాత ఇండ్లకు మరియొక చిక్కు వచ్చినది. పాత రోడ్డును త్రవ్వి తీయకుండ దానిపైననే కొత్త రోడ్డు పొరలు పొరలుగా వేయుటచే, ఒకప్పుడు వీధికి మూడడుగుల ఎత్తున ఉన్న గడప నేడు వీధికి సమమైనది. కొన్నిచోట్ల దిగువకును పోయినది. ఇల్లు క్రుంగలేదు, వీధి లేచినది. ఫలితము మాత్రము ఒక్కటే: వాన నీరు ఇంటిలోనికి వచ్చును. అందుచే అమెరికా అర్థములోని సంపు, దానితో పంపు, తెలుగు ఇండ్లకును వచ్చినవి. పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలలోను నీరు నిండగానే గంట మ్రోగి, మోటారు తిరుగు నమూనాలు తరచు కనబడును. వాటిపై "వరద నుండి ఇంటికి రక్షణ" అను పేరు వ్రాసియుండును.

ఈ యంత్రము ఆ పేరునకు తగినదా? దాని గుణములెవ్వి, దోషములెవ్వి? ఈ విచారణకు పల్నాడు జిల్లా విజయపురి సౌత్ మంచి గీటురాయి. కృష్ణ కుడిగట్టున ఉన్న ఈ ఊరిలో నీటిని ఎదుర్కొను రెండు గొప్ప పద్ధతులు ప్రక్కప్రక్కన కలవు. ఒకటి నాగార్జునసాగరము ఆనకట్ట. రెండవది జలాశయము నడుమ ద్వీపమై నిలిచిన నాగార్జునకొండ. ఇంటి క్రింది చిన్న పంపును ఈ రెండింటి ప్రక్కన నిలిపి చూచినగాని దాని అసలు విలువ తేలదు.

యంత్రము, దాని గుణములు

అమెరికాలో పాత ఇండ్లు పెక్కు చెక్కతో కట్టినవి. దూలములు మట్టిని తాకినచో చెమ్మ పట్టి పుచ్చును, చెదలు ఎక్కును. అందుచే నేలకును, ఇంటి అడుగు బల్లలకును నడుమ రెండు మూడడుగుల ఖాళీ విడుచుట ఆచారమైనది. అందులో మనిషి నిలువలేడు; ప్రాకి పోవలెను. కావుననే దానిని క్రాల్‌స్పేసు, అనగా ప్రాకుడు చోటు, అందురు. నీటి గొట్టములు, విద్యుత్తు తీగలు ఇందుండి పోవును. వానలు ముమ్మరమైనపుడు చుట్టునున్న నేల తడిసి, నీరు ఈ ఖాళీలోనికి ఊరును.

ఆ ఖాళీలో అన్నిటికంటె పల్లమైన చోట రెండడుగుల వెడల్పుగల గుంట త్రవ్వి, అందొక చిన్న విద్యుత్ పంపును దింపుదురు. నీటితోపాటు లేచు ఫ్లోటు ఒకటి దానికి తగిలించియుండును. నీరు ఒక మట్టమునకు రాగానే ఫ్లోటు స్విచ్చిని వేయును. నీరు తగ్గగానే తీయును. గొట్టములోనికి ఎక్కిన నీరు మరల గుంటలోనికి జారకుండ ఒక చెక్‌వాల్వు ఉండును. గొట్టము చివర ఇంటికి దూరముగా, పల్లపు దిశకు తెరచియుండును. యంత్రమంతయు ఇంతే.

పంపుతో నీటిని తోడుట కొత్త విద్య కాదు. ఇంగ్లండులో థామస్ న్యూకొమెన్ 1712లో నడిపిన ఆవిరియంత్రము చేసిన మొదటి పని బొగ్గు గనిలోని నీటిని పైకి తోడుటయే. సంపు పంపు ఆ వంశములోని చిన్న బిడ్డ. అందు మెచ్చదగిన గుణములు మూడు కలవు. మనుష్యుడు మేలుకొని కాపలా ఉండనక్కరలేదు. నీరు లేనపుడు విద్యుత్తు ఖర్చు కాదు. నేల నుండి మెల్లమెల్లగా వచ్చు ఊటను ఎప్పటికప్పుడు తీసి, గోడలకు చెమ్మను, బూజును తగ్గించును. ఊటకు ఇది మంచి మందు. అయితే ఊట వేరు, వరద వేరు. పరీక్ష ఇచ్చట నుండియే ఆరంభింపవలెను.

మొదటి పరీక్ష: నీరు ఎంత?

అర అశ్వశక్తి పంపును తీసికొందము. అర అశ్వశక్తి అనగా 373 వాట్లు. నీటిని 3 మీటర్ల ఎత్తునకు లేపుటకు ఒక్కొక్క లీటరునకు సుమారు 29.4 జౌళ్ళ శక్తి కావలెను. నష్టము ఏమియు లేనిచో ఈ పంపు సెకనుకు సుమారు 12.7 లీటర్లు లేపవలెను. చిన్న పంపులలో రాపిడివలన, సుడులవలన శక్తిలో చాలభాగము వ్యర్థమగును. మూడవవంతు మాత్రమే పనికి వచ్చినదనుకొన్నచో సెకనుకు 4 లీటర్లు, అనగా నిమిషమునకు 240 లీటర్లు వచ్చును.

ఇప్పుడు 100 చదరపు మీటర్ల డాబాపై గంటకు 5 సెంటీమీటర్ల చొప్పున వాన కురిసినదనుకొందము. ఇది జడివానయే. డాబాపై పడు నీరు గంటకు 5,000 లీటర్లు, అనగా నిమిషమునకు సుమారు 83 లీటర్లు. ఆ నీరంతయు సంపులోనికే వచ్చినను పంపు దానికి దాదాపు మూడు రెట్లు సమర్థము. ఈ లెక్కలో పంపునకు పూర్తి మార్కులు ఈయవలసినదే.

లెక్కను వీధికి మార్చి చూడుడు. సెల్లారునకు దిగు ర్యాంపు వెడల్పు 3 మీటర్లు. వీధిలో 10 సెంటీమీటర్ల లోతున, సెకనుకు ఒక మీటరు వేగముతో పారు నీరు ఆ ర్యాంపువైపు తిరిగినది. 3 ను 0.1 చేతను, 1 చేతను గుణింపగా సెకనుకు 0.3 ఘనపు మీటరు, అనగా 300 లీటర్లు. పంపు తోడునది 4 లీటర్లు. వచ్చు నీరు 75 రెట్లు.

సెల్లారు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు గలదైనచో అందు పట్టు నీరు 5 లక్షల లీటర్లు. సెకనుకు 300 లీటర్ల చొప్పున అది నిండుటకు సుమారు 28 నిమిషములు చాలును. పంపు ఆపకుండ పనిచేసినచో ఎంత ఆలస్యమగును? విద్యార్థులు స్వయముగా లెక్క కట్టవచ్చును: 23 సెకన్ల లోపు. ఇంత ఖర్చు చేసి అమర్చిన యంత్రము తెచ్చిన లాభము ఆ రాత్రి ఇరువది మూడు సెకన్లయిన లేదు.

అదే ర్యాంపు తల యందు 30 సెంటీమీటర్ల ఎత్తుగల చిన్న మిట్ట కట్టియున్నచో, 10 సెంటీమీటర్ల లోతున పారు ఆ నీరు లోనికి రానేరాదు. ఆ మిట్టకు విద్యుత్తు అక్కరలేదు, మరమ్మతు అక్కరలేదు. పాత ఇంటి గడప చేసిన పని ఇదియే. హైదరాబాదులో 2020 అక్టోబరు 13న ఘనముగా వాన కురిసి, నగరము చెంతనున్న ఘట్‌కేసర్‌లో ఒక్క రోజున 32 సెంటీమీటర్లు నమోదైనది. అట్టి దినమున సెల్లార్లలోనికి వచ్చునది నేల ఊట కాదు, వీధి ప్రవాహము. పంపును ఎంచుకొనుటకు ముందు వచ్చు నీరు ఎట్టిదో తెలిసికొనకపోవుట మొదటి తప్పు.

రెండవ పరీక్ష: తోడిన నీరు ఎచ్చటికి?

పంపు నీటిని నాశము చేయదు. ఒకచోట నుండి మరియొక చోటికి మార్చును. అందుచే రెండవచోటు మొదటిదానికంటె సురక్షితమై యుండవలెను. ఇది చెప్పనక్కరలేని విషయమువలె తోచును. కాని ప్రదర్శన నమూనాలలో ఈ రెండవచోటు ఒక బాల్చీ మాత్రమే. బాల్చీ ఎప్పుడును నిండదు!

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట విజయవాడలో బుడమేరు కట్టకు గండ్లు పడి, సింగ్‌నగర్ మొదలగు ప్రాంతములు దినముల తరబడి నీటిలో నిలిచినవి. అదే సమయమున కృష్ణలో ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులకు మించినది. అట్టి వేళ ఒక ఇంటిలోని నీటిని తోడి వీధిలో పోసినచో, వీధిలోని నీరే మరల ఇంటిలోనికి వచ్చును. పంపు ఒక వలయములో నీటిని త్రిప్పుచుండును. మీటరు మాత్రము తిరుగును. సాధారణ వానలలోను గొట్టపు చివర పునాదికి ప్రక్కనే ఉన్నచో జరుగునది ఇదియే. పోసిన నీరు నేలలో ఇంకి, కొన్ని గంటలలో అదే సంపులోనికి చేరును.

కావున పంపును గూర్చి అడుగవలసిన ప్రశ్న దాని అశ్వశక్తిని గూర్చి మాత్రమే కాదు. ఊరికి వాన నీటి కాలువ కలదా? అది పూడిక లేక పారుచున్నదా? చివర అది చేరు చెరువు గాని వాగు గాని ఆక్రమణకు లోను కాక నిలిచియున్నదా? ఇంటి పంపు ఊరి మురుగుపారుదలకు తోక వంటిది. దేహము పడిపోయినపుడు తోక ఆడినను ప్రయోజనము లేదు.

మూడవ పరీక్ష: నేలలోని ఒత్తిడి

ఇంటిలోని నీరు కంటికి కనబడును. గోడ వెలుపల నేలలో నిండిన నీరు కనబడదు. ఎక్కువ అపాయము ఆ కనబడని నీటిలోనే కలదు. నీటి పీడనము లోతుతో పెరుగును. ప్రతి మీటరు లోతునకు చదరపు మీటరుపై సుమారు ఒక టన్ను బరువునకు సమానమగు ఒత్తిడి కలుగును. ఇది అన్ని దిక్కులకును సమానము. క్రిందినుండి పైకి కూడ నెట్టును.

సెల్లారు గచ్చు కంటె ఒక మీటరు ఎత్తున భూగర్భ జలమట్టము ఉన్నదనుకొనుడు. గచ్చు అడుగున ప్రతి చదరపు మీటరుపై 1,000 కిలోల ఒత్తిడి పైకి పనిచేయుచుండును. 15 సెంటీమీటర్ల మందముగల కాంక్రీటు పలక బరువు చదరపు మీటరునకు 360 కిలోలు మాత్రమే. గోడలకు గట్టిగా ముడిపడి, తగినంత ఇనుము లేనిచో ఆ పలక లేచును, లేదా పగులును. వరదతో నిండిన సెల్లారును తొందరపడి ఖాళీ చేసినపుడు గోడలు లోనికి కూలుటకు కారణము ఇదియే. లోపలి నీరు అంతవరకు వెలుపలి ఒత్తిడికి ఎదురు నిలిచియుండెను. దానిని తీసివేయుటతో తూకము తప్పినది. అందుకే అమెరికాలో వరద తీసిన తరువాత ఇచ్చు సూచనలలో, మొదట ఒక అడుగు మట్టుకు తోడి, గోడపై గుర్తు పెట్టి, రాత్రి గడచిన పిమ్మట చూడవలెననియు, నీరు మరల పెరిగినచో తోడుట ఆపవలెననియు చెప్పుదురు.

ఈ సూత్రమును ఇంటి కొలతలో కాక కొండ కొలతలో చూడదలచినవారు విజయపురి సౌత్ గట్టున నిలిచి ఆనకట్టను చూడవలెను. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ కట్టడము నుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేసిరి. కుడి కాలువ ఈ ఊరివద్దనే మొదలగును. పునాది అట్టడుగు నుండి ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు. రాతికట్టుబడి పొడవు సుమారు 1,450 మీటర్లు. నీటిని విడుచుటకు 26 గేట్లు. చూచువారి కంటికి ఇది నీటిని అడ్డగించిన గోడ. అడుగున ఏమి జరుగుచున్నదో బయటికి కనబడదు.

100 మీటర్ల లోతున నీటి పీడనము చదరపు మీటరునకు సుమారు 100 టన్నులు. రాతి నెరియలలో దూరిన నీరు ఈ ఒత్తిడితో ఆనకట్టను అడుగునుండి పైకి లేపజూచును. తన బరువుచేతనే నిలిచియుండు గురుత్వ ఆనకట్టకు ఇది ప్రాణాంతకము. ఫ్రాన్సులోని బూజే ఆనకట్ట ఈ ఉద్ధరణ పీడనమును లెక్కలోనికి తీసికొనక కట్టినది. అది 1895 ఏప్రిలు 27న తెగి 80 మందికి పైగా మరణించిరి. ఆ పిమ్మట ప్రపంచములోని ఇంజనీర్లు ఈ పాఠమును మరువలేదు.

వారు నేర్చిన ఉపాయము వినదగినది. ఎత్తైన గురుత్వ ఆనకట్టల లోపల సొరంగమువంటి గ్యాలరీలు విడుతురు. నీరు నిలిచిన వైపున రాతి నెరియలలోనికి సిమెంటు పాలు ఎక్కించి, నీటిదారిని సాధ్యమైనంత బిగింతురు. దాని వెనుక వరుసగా లోతైన రంధ్రములు తొలిచి, మిగిలిన ఊటను ఒత్తిడి పెరుగకముందే గ్యాలరీలోనికి రానిత్తురు. ఆ నీరు ప్రక్క కాలువవెంట పోయి సంపులోనికి చేరును. దిగువ నది మట్టముకంటె సంపు లోతుగా ఉన్నచోట పంపులు దానిని పైకి తోడును. కాలువలో ఒక గంటు అమర్చి, దానిమీదుగా పోవు నీటి ఎత్తును బట్టి ఊట ఎంతయో కొలుతురు. ఊట హఠాత్తుగా పెరిగినను, బురదతో వచ్చినను, లేక ఎన్నడును లేనంతగా తగ్గినను కారణము విచారింతురు.

ఇందలి వరుసను గమనింపవలెను. మొదట నీటిని తగ్గించుట, పిదప దానికి దారి చూపుట, పిదప కొలుచుట; తోడుట చిట్టచివరిది. పంపు ఇక్కడను కలదు, కాని అది సేనాపతి కాదు, వెనుకనడచు సేవకుడు. ఇంటికి ఈ వరుసలో సాటివచ్చునది కంకర నింపిన ఊటకాలువ. పునాది వెలుపల వాలుగా గోతిని త్రవ్వి, రంధ్రముల గొట్టము పరచి, పైన కంకర నింపుదురు. దీనిని ఇంగ్లీషున ఫ్రెంచి డ్రెయిన్ అందురు. ఈ పేరు ఫ్రాన్సు దేశమువలన వచ్చినది కాదు. పొలముల మురుగుపారుదలపై 1859లో గ్రంథము ప్రచురించిన హెన్రీ ఫ్రెంచ్ అను అమెరికనువలన వచ్చినది. విజయపురి సౌత్ వంటి కొండవాలు ఊళ్ళలో ఇట్టి కాలువ చివరను దిగువ వాలున తెరచి విడువవచ్చును. నీరు పల్లమెరుగును. పల్లము దొరకినచోట పంపుతో పనియే లేదు.

నాలుగవ పరీక్ష: పంపు ఆగిన రాత్రి

యంత్రమును అది నడచు దినమున కొలుచుట లోకరీతి. రక్షణ యంత్రమును అది ఆగిన దినమున కొలువవలెను. గాలివాన వచ్చినపుడు స్తంభములు పడును, తీగలు తెగును, నీరు నిలిచిన వీధులలో ప్రాణరక్షణకై విద్యుత్తు సిబ్బందియే సరఫరా నిలుపుదురు. అనగా సంపు పంపునకు పని ఎక్కువైన గడియయే దానికి శక్తి అందని గడియ. కాగితమో, ప్లాస్టిక్ సంచియో చిక్కుకొన్నచో ఫ్లోటు లేవదు. ఏడాదిలో పది నెలలు ఊరకయున్న మోటారు తుప్పు పట్టి, అవసరమైన రాత్రి మూలుగును.

బ్యాటరీ గాని, జనరేటరు గాని పెట్టినచో సరిపోదా? పెట్టవలసినదే. కాని దానిని ఎచ్చట పెట్టుదురు? 2011 మార్చి 11న జపానులో ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రమున అత్యవసర డీజిల్ జనరేటర్లలో పెక్కు నేలమాళిగలలో ఉండుటచే సునామీ నీటిలో మునిగినవి. అంత గొప్ప విజ్ఞానముగల చోటనే రక్షించు యంత్రమును పల్లమున నుంచిరి. మన అపార్టుమెంట్లలో విద్యుత్ మీటర్లు, జనరేటరు, లిఫ్టు మోటారు ఎచ్చట నున్నవో ఒకసారి చూచిన మేలు.

పంపుపై నమ్మకము వస్తువులకు నష్టము తెచ్చినచో సహింపవచ్చును. ఆ నమ్మకముతో మనుష్యులను నేల క్రింద నివసింపజేయుట వేరు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఇడా తుపాను శేషము అమెరికా ఈశాన్య తీరమున కురిసినపుడు, న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో సుమారు 8 సెంటీమీటర్ల వాన పడినది. ఆ నగరములో మరణించిన 13 మందిలో 11 మంది నేలమాళిగ నివాసములలో నీటికి చిక్కినవారు. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో ఒక శిక్షణా కేంద్రపు నేలమాళిగలోని గ్రంథాలయములోనికి వీధి నీరు దూకి ముగ్గురు విద్యార్థులు మరణించిరి. తెలుగు విద్యార్థులు పెక్కుమంది ఇట్టి కేంద్రములలో చదువుచుందురు. కావున ఈ క్రింది లెక్క పరీక్షల కొరకు మాత్రమే కాదు.

90 సెంటీమీటర్ల వెడల్పుగల తలుపు వెలుపల 60 సెంటీమీటర్ల లోతున నీరు నిలిచినది. లోపల ఇంకను పొడిగానే ఉన్నది. నీటి లోతు వర్గమును వెడల్పుచే గుణించి, అందు సగమును నీటి సాంద్రతచేతను, గురుత్వ త్వరణముచేతను గుణింపగా సుమారు 1,590 న్యూటన్లు వచ్చును. ఇది 160 కిలోల బరువుతో సమానము. తలుపు వెలుపలికి తెరచుకొనునదైనచో ఎంత బలశాలియు దానిని త్రోయలేడు. లోపలికి తెరచుకొనునదైనచో, గడియ తీసిన క్షణమున ఆ బరువంతయు తెరచినవానిపై పడును. లోతు రెట్టింపైనచో ఈ బలము నాలుగు రెట్లగును. కావున నీరు గడపకు రాగానే పైకి పోవలెను; వాహనము కొరకు, పుస్తకము కొరకు, పంపు స్విచ్చి కొరకు దిగరాదు. తడిసిన సెల్లారులో విద్యుత్తు ఉన్నదో లేదో కంటికి తెలియదు.

కొండపైకి పోయిన కట్టడములు

తోడుటయు, దారి చూపుటయు కాక మూడవ మార్గము మరియొకటి కలదు: నీటి త్రోవ నుండి తొలగుట. విజయపురి సౌత్ రేవునుండి లాంచీలో నాగార్జునకొండకు పోవువారు దాటునది ఒకప్పటి లోయ. క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి ఆ లోయలోనిదే. ఊరి పేరును అందుండి వచ్చినదే. ఆనకట్ట నిర్ణయమైన పిమ్మట 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యము నాయకత్వమున లోయలో త్రవ్వకములు జరిగినవి. దొరికిన శిల్పములను కొండపై ప్రదర్శనశాలలో నుంచిరి. తొమ్మిది కట్టడములను కొండమీద తిరిగి నిలిపిరి. మరికొన్నింటిని తూర్పు గట్టున అనుపు వద్ద పునర్నిర్మించిరి.

దాదాపు ఆ కాలముననే ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట క్రింద అబూ సింబెల్ ఆలయములకు ముంపు వచ్చినది. ఆలయములు ఉన్నచోటనే ఉంచి, చుట్టును రాతి, మట్టి కట్ట వేయవలెనని ఫ్రెంచి ఇంజనీర్లు సూచించిరి. కట్ట ఎంత బిగువైనను ఊట తప్పదు. ఆ ఊటను ఎల్లకాలము పంపులతో తోడుచుండవలెను. ఇది ఆ సూచనకు వచ్చిన ఆక్షేపణలలో ఒకటి. వేల యేండ్లు నిలువవలసిన ఆలయమునకు ఒక మోటారును కావలి పెట్టుటయా? చివరకు 1964 నుండి 1968 వరకు ఆలయములను ముక్కలుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తునకు చేర్చిరి. అదే దేశములో ఫిలే ద్వీపపు ఆలయముల చుట్టు 1970 దశకములో తాత్కాలికపు అడ్డుగోడ కట్టి, లోపలి నీటిని పంపులతో తోడి, పొడియైన పిమ్మట విప్పి మరియొక ద్వీపమునకు మార్చిరి. అచ్చట పంపు కొద్దికాలపు పని చక్కగా నెరవేర్చినది. శాశ్వత రక్షణ ఎత్తువలననే కలిగినది.

పాత ఇండ్లకును ఈ మార్గము లేకపోలేదు. వీధి లేచి ఇల్లు పల్లమైనచోట పునాదిని తొలిచి, వరుసగా జాకీలు అమర్చి, ఇంటినంతటిని కొన్ని అడుగులు లేపు పని తెలుగు జిల్లాలలోను జరుగుచున్నది. అందరికి అది శక్యము కాదు. కొత్త రోడ్డు వేయు ముందు పాత పొరను తీసి, వీధి మట్టమును నిలుపుట అంతకంటె సులభము. అది పురపాలకుల చేతిలోని పని.

తీర్పు

సంపు పంపును నిందించుట ఈ విమర్శకు ఉద్దేశము కాదు. పల్లపు నేలలో, లేపుటకు వీలులేని పాత ఇంటిలో, నీరు దానంతట అది పోవు వాలు దొరకనిచోట పంపు తప్ప గతి లేదు. అట్టిచోట దానిని పెట్టువారు కొన్ని నియమములు పాటింపవలెను. వీధి నీరు లోనికి రాకుండ మొదట మిట్టగాని గడపగాని కట్టవలెను. డాబా నీటిని సంపులో కలుపరాదు. సంపుపై జల్లెడ మూత ఉండవలెను. రెండవ పంపు, మెరకనున్న బ్యాటరీ ఉండవలెను. గొట్టపు చివర ఇంటికి దూరముగా పారు కాలువలో ఉండవలెను. ఏటేట తొలకరికి ముందు రెండు బిందెల నీరు పోసి ఫ్లోటు లేచుచున్నదో లేదో చూడవలెను. ఆ గదిలో ఎవ్వరును నిద్రింపరాదు, చదువుకొనరాదు.

దోషము యంత్రములో కంటె దానికి తగిలించిన పేరులో ఎక్కువ కలదు. ఊటను తోడు పనిముట్టును "వరద నుండి రక్షణ" అని పిలిచినపుడు, కొనువాడు గడప లేపుట మానును, కాలువ శుభ్రము చేయుట మానును, ధైర్యముగా సెల్లారులో గది కట్టును. చిన్న రక్షణ పెద్ద అజాగ్రత్తకు తావిచ్చును. పాఠశాల నమూనాలును తెలియకయే ఈ తప్పును బోధించుచున్నవి. వాటిని మానిపింపనక్కరలేదు, ఉపాధ్యాయులు మూడు పనులు చేర్చిన చాలును. నీరు పోయువాడు సెకనుకు ఎన్ని లీటర్లు పోయుచున్నాడో, మోటారు ఎన్ని తోడుచున్నదో కొలిచి ప్రక్కప్రక్కన వ్రాయింపవలెను. తోడిన నీరు బాల్చీలోనికి కాక నమూనాలోని వీధిలోనికే పోవునట్లు చేయవలెను. పిదప ప్రేక్షకుల ఎదుటనే బ్యాటరీ తీగను ఊడదీయవలెను.

అప్పుడు నమూనాలోని ఇల్లు మునిగినచో విద్యార్థి దానికి కారణము చెప్పవలెను. మునగకున్నచో అతడు కట్టిన గడపయో, చూపిన వాలో, లేపిన మట్టమో దానిని కాచియుండును. తాపీమేస్త్రి బేస్‌మెంటును లోతునకు కాక ఎత్తునకు పేరుగా వాడుటలోని తెలివి ఆ విద్యార్థికి అప్పుడు అర్థమగును.